మే నెలలో దుబాయ్: తక్కువ డబ్బుతో, ఎండను తప్పించుకుంటూ

దుబాయ్‌కి నవంబరు నుంచి మార్చి మధ్యలోనే వెళ్లాలని అందరూ చెబుతారు. చెప్పేది నిజమే. కానీ పిల్లల బడి సెలవులు మే నెలలో, టికెట్లూ గదులూ మన చేతికి అందేదీ అప్పుడే. నేను, నా భార్య, మా అమ్మాయి వెళ్లింది మే నెలాఖరులో. పగలు 40 డిగ్రీలు దాటుతోంది, రాత్రి పది గంటలకూ గాలి వేడిగానే ఉంది. అయినా ఊరంతా ఎంతో ఇష్టంగా తిరిగాం. అలా తిరగడానికి ఏమేం కుదిరాయో, దేనికి డబ్బు పెట్టాలో, దేనికి పెట్టక్కర్లేదో చెబుతాను. మేం వెళ్లినప్పుడు ఒక దిర్హామ్ అంటే దాదాపు 23 రూపాయలు. ధరలన్నీ అప్పటివే.

ముందుగా అన్నింటికన్నా ముఖ్యమైన మాట. వేసవిలో దుబాయ్‌లో గది చవకా కాదా అన్నది దాని అద్దె తేల్చదు, మెట్రో స్టేషన్ నుంచి ఆ గది ఎంత దూరమన్నదే తేలుస్తుంది. చలికాలంలో పదిహేను నిమిషాల నడక ఒక సరదా. మేలో అదే నడక రెండుసార్లు నడిస్తే మూడోసారి చెయ్యి తనంతట తానే టాక్సీ ఆపుతుంది. పిల్లలు వెంట ఉంటే మొదటిసారే ఆపుతుంది. టాక్సీ ఎక్కిన ప్రతిసారీ చిన్న దూరానికైనా పన్నెండు, పదిహేను దిర్హామ్‌లు పోతాయి. అందుకే మ్యాప్‌లో చూసేటప్పుడు స్టేషన్ పేరుతో ఆగకండి. స్టేషన్‌కి రోడ్డుకు రెండు వైపులా గేట్లుంటాయి, మీ హోటల్ వైపు గేటు నుంచి ఎన్ని నిమిషాలో చూడండి. ఐదు నిమిషాలకు మించితే ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

చవక గదులకు రెండు పేటలు: ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ క్రీక్‌కి ఇటు బర్ దుబాయ్, అటు దేరా. మేం మొదట బర్ దుబాయ్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది, ఏసీ బాగుంది, చుట్టుపక్కల మన తిండి దొరుకుతుంది. కానీ కింది అంతస్తులో డాన్స్ బార్. తెల్లవారుజామున మూడు దాకా గోడలు అదిరాయి. ఆ ఊళ్లో చవక హోటళ్లలో ఇది అరుదేమీ కాదు. ఫొటోల్లో కనిపించదు, రివ్యూల్లో కుటుంబాలతో వచ్చినవాళ్లు రాసినవి వెతికి చదివితేనే తెలుస్తుంది. ఉన్న రాత్రులు పూర్తి చేసుకుని దేరాలో యూనియన్ స్టేషన్ దగ్గరకు మారాం. అక్కడ మెట్రో రెడ్ లైన్, గ్రీన్ లైన్ రెండూ కలుస్తాయి కాబట్టి ఎటు వెళ్లాలన్నా రైలు మారే పని చాలావరకు తప్పుతుంది. ముగ్గురికి ఒకే గది, రోజుకు 140 దిర్హామ్‌లు. ఆ ధరకు అంత హాయిగా ఉంటుందని అనుకోలేదు.

ఆన్‌లైన్‌లో కనిపించే అద్దె మీద కౌంటర్ దగ్గర ఇంకో చిన్న మొత్తం తీసుకుంటారు, టూరిజం దిర్హామ్ అని. గదికి, రాత్రికి ఇంత అని హోటల్ స్థాయిని బట్టి ఉంటుంది. దీన్ని మోసం అనుకోకండి, ప్రభుత్వ రుసుము. దానికి తోడు డిపాజిట్ అడుగుతారు. నగదుగా ఇచ్చి రసీదు తీసుకుంటే వెళ్లే రోజున చేతికి వచ్చేస్తుంది, కార్డు మీద పెడితే వెనక్కి రావడానికి రోజులు పడుతుంది.

మా బామ్మర్ది అక్కడే ఏసీ మెయింటెనెన్స్ పనిలో ఉన్నాడు. జగిత్యాల నుంచి వెళ్లి చాలా ఏళ్లయింది. వచ్చిన రోజే చెప్పాడు, "ఎండల తిరగకుర్రి బావా. పొద్దుగూకినంక ఊరంతా మనదే." ఇంకో చిట్కా కూడా చెప్పాడు, అది ఏ గైడులోనూ చూడలేదు. వేసవిలో అక్కడ చల్లనీళ్ల కొళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయి, ఎందుకంటే ట్యాంకులు మేడ మీద ఎండలో కాలుతుంటాయి. కాబట్టి బాత్‌రూమ్‌లోని గీజర్ స్విచ్ ఆపేసి వేడినీళ్ల కొళాయి తిప్పాలి. గీజర్‌లోని నీళ్లు ఏసీ ఉన్న ఇంట్లో నిలవుండి కాస్త చల్లబడి ఉంటాయి. పిల్లకు స్నానం చేయించేటప్పుడు ఈ మాట ఎంత పనికొచ్చిందో!

ఆ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. మేం వెళ్లింది మేలో అయినా ఆ వేళల్ని మాకూ వర్తింపజేసుకున్నాం, ఇంకా కాస్త పెంచి పదకొండు నుంచి ఐదు దాకా బయట అడుగు పెట్టలేదు. ఉదయం ఆరింటికి లేచి పాత ఊరు, మధ్యాహ్నం నిద్రో మాలో లైబ్రరీయో, సాయంత్రం ఆరు తర్వాత మిగతా అంతా.

పొద్దున్నే చూడాల్సింది అల్ ఫహీదీ పాతపేట. మట్టిరంగు గోడలు, ఇరుకు సందులు, ఇళ్ల మీద గాలిగోపురాలు. కరెంటు లేని రోజుల్లో పైన వీచే గాలిని పట్టి ఇంట్లోకి దించేందుకు కట్టినవి, బర్జీల్ అంటారు. సందులు అంత ఇరుగ్గా కట్టిందీ నీడ కోసమే. తిరగడానికి టికెట్ లేదు. ఏడింటికి వెళితే మీరు, పావురాలు తప్ప ఎవరూ ఉండరు. ఈ ఎండ దేశంలో మనుషులు ఎలా బతికారో ఇక్కడ నిలబడితే తెలిసినంత బాగా ఏ ఎత్తైన భవనం మీది నుంచీ తెలియదు. అక్కడి నుంచి క్రీక్ ఒడ్డుకు నడిచి అబ్రా ఎక్కండి. చెక్క పడవ, ఒక్క దిర్హామ్, ఐదారు నిమిషాల ప్రయాణం. అవతల ఒడ్డున మసాలా బజారు, దాని వెనకే బంగారు బజారు. మా అమ్మాయికి ఊరు మొత్తంలో నచ్చింది ఈ పడవే. చిల్లర ఉన్నప్పుడల్లా ఎక్కాం, పొద్దుటి ప్రయాణానికీ రాత్రి దీపాల్లో ప్రయాణానికీ పోలిక లేదు, రెండూ కావాలి. మసాలా బజారులో మాత్రం కుంకుమపువ్వు దగ్గర తొందరపడకండి. మొదట చెప్పే ధర అసలు ధర కాదు. సూపర్‌మార్కెట్‌లో ఒకసారి ధర చూసి వెళితే బేరం ధైర్యంగా ఆడొచ్చు.

తిరగడానికి మెట్రోకీ బస్సుకీ పనికొచ్చే సిల్వర్ నోల్ కార్డు తీసుకోండి. 25 దిర్హామ్‌లు ఇస్తే అందులో 19 ప్రయాణానికి వాడుకోవచ్చు. ఒక్కో ప్రయాణానికి జోన్లను బట్టి 3, 5 లేదా 7.50 దిర్హామ్‌లు పడుతుంది. మెట్రో దిగి అరగంటలోపు బస్సెక్కితే రెండూ కలిపి ఒకే ప్రయాణం లెక్క, ఇది గుర్తుంటే చాలా మిగులుతుంది. రైల్లో ఆడవాళ్లకూ పిల్లలకూ వేరే పెట్టె ఉంటుంది, దాంట్లో మగవాళ్లు నిలబడినా జరిమానా. రైల్లో తినడం, తాగడం కూడా నిషేధమే, చూయింగ్ గమ్ సహా. ఇది పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి గానీ మెట్రో మొదలవదు, మిగతా రోజుల్లో ఐదుకే తిరుగుతుంది. బస్టాపుల్లో చాలావాటికి ఏసీ గదులుంటాయి. మన ఊళ్లలో బస్సు కోసం ఎండలో నిలబడే ముసలివాళ్లు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

మధ్యాహ్నాలకు అందరూ దుబాయ్ మాల్ అంటారు. వెళ్లాం, బాగుంది. అక్వేరియం పెద్ద అద్దం బయటి నుంచే కనిపిస్తుంది, దానికి టికెట్ అక్కర్లేదు. సాయంత్రం ఆరు తర్వాత బయట ఫౌంటెన్ షో అరగంటకోసారి, అదీ ఉచితమే. మెట్రో నుంచి మాల్‌కి ఉన్న ఏసీ దారి మాత్రం చాలా పొడుగు, ముసలివాళ్లుంటే ముందే చెప్పి సిద్ధం చేయండి. బుర్జ్ ఖలీఫా పైకి మేం ఎక్కలేదు. కింద నిలబడి తలెత్తి చూస్తే 828 మీటర్లు కళ్లనిండా కనిపిస్తున్నాయి, ఆ డబ్బుతో మాకు రెండు రోజుల గది అద్దె గడిచింది. ఎత్తు నుంచి ఊరు చూడాలని పిల్లలు పట్టుబడితే ఫొటో ఫ్రేము ఆకారంలో కట్టిన దుబాయ్ ఫ్రేమ్ మేలు. పెద్దలకు 50 దిర్హామ్‌లు, 150 మీటర్ల ఎత్తు. పైగా ఒకవైపు పాత ఊరు, ఇంకోవైపు కొత్త ఊరు కనిపిస్తాయి.

కానీ మధ్యాహ్నం గడపడానికి నా మొదటి ఓటు మొహమ్మద్ బిన్ రాషిద్ లైబ్రరీకే. 2022లో తెరిచారు. గ్రీన్ లైన్ చివరన క్రీక్ ఒడ్డున, పుస్తకం తెరిచి పెట్టుకునే చెక్క వ్యాసపీఠం ఆకారంలో కట్టారు. ప్రవేశం ఉచితం. పిల్లలకు ప్రత్యేకంగా పెద్ద విభాగం ఉంది. మాల్‌లో ఉంటే ప్రతి పది అడుగులకూ పిల్లలు ఏదో ఒకటి అడుగుతారు, ఇక్కడ మా అమ్మాయి మూడు గంటలు ఏమీ అడగలేదు. కిటికీ పక్క కూర్చుంటే బయట ఎండలో మెరిసే నీళ్లు, లోపల చల్లదనం. దుబాయ్ వెళ్లిన మనవాళ్లు ఎవరూ దీని పేరెత్తగా వినలేదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రాత్రి సముద్రం. జుమైరా 2, జుమైరా 3, ఉమ్ సుఖైమ్ 1 బీచ్‌లలో 2023 నుంచి రాత్రి ఈతకు ప్రత్యేకంగా దీపాలు పెట్టారు, లైఫ్‌గార్డులు రాత్రంతా ఉంటారు. డబ్బు కట్టక్కర్లేదు. నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, చల్లదనం ఆశించకండి. రాత్రి పదకొండుకు కూడా కుటుంబాలు, చాప పరుచుకుని బిర్యానీ తినేవాళ్లు, పిల్లల అరుపులు. అంత రాత్రివేళ నా భార్య, కూతురు నిశ్చింతగా నీళ్లలో ఆడుకోవడం చూస్తే ఈ ఊరి మీద గౌరవం కలిగింది.

ఎడారి సఫారీ గురించి చాలామంది అడుగుతారు. వేసవిలో ధర బాగా తగ్గుతుంది, కానీ నా సలహా వద్దనే. మేం వెళ్లాం. సూర్యాస్తమయం వేళ ఇసుక తిన్నెలు నిజంగా అందంగా ఉన్నాయి, కాదనను. అయితే శిబిరంలో ఫ్యాన్లు వేడిగాలిని తిప్పుతుంటే భోజనం సహించలేదు. పైగా బండి ఎక్కాక ఏజెంటు పికప్ పేరుతో మనిషికి ఇంత అని అదనంగా అడిగాడు. వాట్సాప్‌లో ముందే 'అన్నీ కలిపి' అని రాయించుకున్న మెసేజ్ చూపిస్తే ఊరుకున్నాడు. మీరు వెళ్లేట్టయితే అలా రాతలో తీసుకోండి. గ్లోబల్ విలేజ్ అనే ఆరుబయట మేళా, మిరకిల్ గార్డెన్ అనే పూలతోట వేసవిలో మూసేస్తారు, వాటి కోసమే వెళ్లేవాళ్లు చలికాలం దాకా ఆగాలి.

అబుదాబికి మాత్రం ఒక రోజు కేటాయించండి. అల్ గుబైబా బస్టాండు నుంచి ఇ100 బస్సు, 25 దిర్హామ్‌లు, నోల్ కార్డే చాలు. షేక్ జాయెద్ మసీదుకు ప్రవేశం ఉచితం, ఆన్‌లైన్‌లో ముందే సమయం బుక్ చేసుకోవాలి. ఒళ్లంతా కప్పే బట్టలు, ఆడవాళ్లకు తలకు స్కార్ఫ్ తప్పనిసరి, ఇంటి నుంచే తీసుకెళ్లండి. సాయంత్రం చివరి వేళకు వెళ్లాలి. 82 గుమ్మటాలు, తెల్లని పాలరాయి, చీకటి పడ్డాక దాని మీద పడే నీలి వెలుగు. మా ఆవిడ నోట చాలాసేపు మాట రాలేదు.

తిండికి పెద్దగా ఇబ్బంది లేదు. కరామాలో, మీనా బజారులో మన భోజనం పదిహేను దిర్హామ్‌ల చుట్టుపక్కల దొరికింది. వీధి కెఫెటేరియాల్లో కరక్ చాయ్ ఒకటి, ఒకటిన్నర దిర్హామ్‌లు, పరోటాతో కలిపి పొద్దుటి టిఫిన్ అయిపోతుంది. ఆ కెఫెటేరియాల్లో నిజామాబాద్, కోనసీమ, కడప యాసలు చెవిన పడుతుంటాయి. తెలుగులో పలకరిస్తే చాలు, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏ దుకాణం నమ్మొచ్చో వాళ్లే చెబుతారు. అడగడానికి మొహమాటపడకండి. వాళ్లకూ ఊరి కబుర్లు కావాలి. మా బామ్మర్ది సెలవు రోజున అతని గదిలోవాళ్లు మాకోసం వండిన మటన్ కూర, అన్నం ఈ ప్రయాణంలోకెల్లా గొప్ప భోజనం. ఆ గదిలో ఎంతమంది ఉంటారో చూశాక నా అబ్రా సవారీలు, బీచ్ రాత్రులు ఎవరి చెమటతో నిలిచిన ఊళ్లో అనుభవించానో బాగా అర్థమైంది. మీవాళ్లెవరైనా అక్కడ ఉంటే పచ్చళ్లు, సకినాలు పట్టుకెళ్లండి, ఒక పూట వాళ్లతో గడపండి.

చివరగా విమానం. టికెట్ కొనేటప్పుడు ఏ టెర్మినల్లో దిగుతుందో చూసుకోండి. టెర్మినల్ 1, 3లకు మెట్రో ఉంది, 2కి లేదు. టికెట్‌లో రెండువేలు మిగిలినా టాక్సీకి కొంత పోతుంది. తిరుగు విమానం అర్ధరాత్రి అయితే మధ్యాహ్నం గది ఖాళీ చేసి సామాను హోటల్లోనే ఉంచమని అడగండి, చాలాచోట్ల డబ్బు తీసుకోరు. ముసలివాళ్లు, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లు, చంటిపిల్లలతో ఉన్నవాళ్లు మాత్రం టికెట్ ఎంత చవకైనా మే నెలలో రావద్దు. జులై, ఆగస్టుల్లో ఉక్కపోత ఇంకా ఎక్కువని మా బామ్మర్ది చెప్పాడు కాబట్టి వేసవి తప్పదనుకునే మిగతావాళ్లకు మే మొదటి సగమే మేలు.