కోనసీమలో ఇంటికొచ్చే జన్యు పరీక్ష శాంపిల్ సేవ: సూది బాగు, ప్యాకింగు కాదు

పుట్టుకతో రోగనిరోధక లోపం ఉందని డాక్టరు అనుమానించిన పిల్లల రక్తాన్ని అమలాపురం చుట్టుపక్కల ఇళ్లకొచ్చి తీసుకుని, ఎక్సోమ్ పరీక్షకు (జన్యువుల్లో ప్రొటీన్లను తయారుచేసే భాగాలన్నీ చదివే పరీక్ష) పంపే సేవ ఇది. పసిపిల్లల నరం దొరకబుచ్చుకోవడంలో మంచి చెయ్యి. ఊదామూత ఈడీటీఏ ట్యూబులో 2 నుంచి 3 మి.లీ. తీసి, గిలకొట్టకుండా 8–10 సార్లు మెల్లగా తిరగేస్తారు. అలా చెయ్యకపోతే రక్తం గడ్డకడుతుంది.

తేడా ప్యాకింగులో ఉంది. ట్యూబును ఐస్ ప్యాకుకి ఆనించేస్తున్నారు. ఐసులా బిగిసి కరిగితే కణాలు పగిలి డీఎన్ఏ పాడవుతుంది. మధ్యలో అట్టముక్క పెట్టించండి. సీజీడీ (తెల్లకణాలు క్రిముల్ని చంపలేని పుట్టుక జబ్బు) అనుమానంతో డీహెచ్ఆర్ పరీక్ష (ఆ కణాల పనితీరు చూసే రక్తపరీక్ష) కూడా రాస్తే ఆ శాంపిల్‌ని ఈ ఐసు డబ్బాలో అసలు పెట్టనివ్వకండి. అది పచ్చమూత హెపారిన్ ట్యూబులో, గది వేడిమిలో, 24 గంటల్లోపు ల్యాబుకి చేరాలి. ఆ పరీక్షలో చూసే న్యూట్రోఫిళ్లు అనే తెల్లకణాలు ఎక్కువసేపు బతకవు. పోల్చి చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల శాంపిల్ కూడా పంపాలి.

ఫారంలో మేనరికం గడి ఉంది, మంచిదే. మేనమామల ఊసే లేదు, అది పెద్ద లోటు. లోపముంటే ఇలాంటి జబ్బులు తెచ్చే బీటీకే, ఐఎల్2ఆర్‌జీ జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి, మగపిల్లలకి అది తల్లి నుంచే వస్తుంది కాబట్టి, తల్లి వైపు మగపిల్లలు పసితనంలో పోయారా అన్నది చాలా ముఖ్యం. బీసీజీ టీకా వేసినచోట పుండు మానలేదా, ఆ వైపు చంకలో బిళ్ల కట్టిందా అన్నదీ ఖాళీ జాగాలో రాయించండి.

అమ్మానాన్నల రక్తం కూడా ఇవ్వండి. రిపోర్టులో జబ్బుకి కారణమో కాదో తేలని జన్యుమార్పు వస్తే, అది ఎవరినుంచి వచ్చిందో అప్పుడే తెలుస్తుంది. సీజీడీకి కారణమయ్యే జన్యువుల్లో ఒకటైన ఎన్‌సీఎఫ్1కి నకళ్లలాంటి సూడోజీన్లు ఉండటంతో ఎక్సోమ్‌లో అందులోని లోపం తప్పిపోవచ్చు. డీహెచ్ఆర్ తేడాగా ఉంటే, ఎక్సోమ్ రిపోర్టులో ఏమీ లేదన్నా ఆ జన్యువుకి విడిగా పరీక్ష అడగండి.