మోగు అని పేరున్న వాయిద్యం: మోగ్ గ్రాండ్‌మదర్ సింథసైజర్

పెట్టె విప్పిన మర్నాడు, నా దగ్గర కీబోర్డు నేర్చుకునే తొమ్మిదేళ్ల అమ్మాయి దాని మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. “ఎం, ఓ, ఓ, జి... మూగ్. టీచర్, ఇది మూగదా?”

“మూగ్ కాదమ్మా, మోగ్ అనాలి” అన్నాను.

కాసేపు ఆలోచించి, “అంటే దాన్ని మోగమని చెప్తున్నారా?” అంది.

ఇన్నేళ్లుగా ఆ పేరు పలుకుతున్నాను, నాకు ఒక్కసారి కూడా ఇది తట్టలేదు. ఎనిమిది నెలలుగా ఈ సింథ్ (సింథసైజర్, అంటే కరెంటుతో ధ్వని పుట్టించే వాయిద్యం) వాయిస్తూ ఆ మాటే తలుచుకుంటున్నాను. అందుకే దీని గురించి రాయాలంటే పేరు దగ్గరే మొదలుపెట్టాలనిపించింది.

మోగ్ అనేది ఇంటిపేరు. కంపెనీ పెట్టిన రాబర్ట్ మోగ్ తన పేరును ఇంగ్లీషు మాట ‘వోగ్’తో ప్రాస కలిసేలా పలకమనేవాడు. కానీ రెండు ‘ఓ’లు పక్కపక్కన కనిపిస్తే ఎవరి నోటికైనా ‘ఊ’ వస్తుంది. ఇంగ్లీషు వాళ్లు అందులో ఆవు అరుపు వింటారు. మనకు వినపడేది మూగ. సరిగ్గా పలికితే మాత్రం సంగతి మారిపోతుంది. మన నోటికి హల్లుతో ఆగడం అలవాటు లేదు, బస్‌ను బస్సు అన్నట్టే మోగ్‌ను మోగు అనేస్తాం. మోగు అంటే గంట మోగడం, డప్పు మోగడం, ఫోన్ మోగడం. పాత పుస్తకాల్లో మ్రోగు. మోత కూడా ఆ కుటుంబంలోదే. పేరు పెట్టినవాడికి తెలుగు తెలియదు, ఇది ఉత్త కాకతాళీయం. అయినా ఒక్క అచ్చు తేడాతో అటు మౌనం, ఇటు మోత రావడం నాకు ఎంతో ఇష్టంగా ఉంది. ఎందుకంటే ఈ వాయిద్యం పనిచేసే తీరు కూడా అచ్చం ఇదే.

దీని ప్రాణమంతా ఫిల్టర్‌లో ఉంది. రెండు ఆసిలేటర్లు ముడి ధ్వనిని పుట్టిస్తాయి. రంపపు పళ్లలాంటి తరంగం పెడితే అది చెవికి గరుకుగా, తేనెటీగల గుంపులా వినిపిస్తుంది. ఆ ధ్వని ట్రాన్సిస్టర్ల నిచ్చెన లాంటి ఫిల్టర్‌లోకి వెళ్తుంది. ఈ లాడర్ ఫిల్టర్‌కు రాబర్ట్ మోగ్ 1969లో పేటెంట్ పొందాడు. ఈ నాలుగు మెట్ల నిచ్చెన ఒక హద్దు దాటిన పైస్వరాలను అష్టకానికి (ఒక స నుంచి పై స వరకు) 24 డెసిబెల్స్ చొప్పున కోసేస్తుంది. ఆ హద్దును జరిపే కటాఫ్ నాబ్‌ను పూర్తిగా ఎడమకు తిప్పితే ధ్వని దాదాపు మాయమవుతుంది. కుడికి తిప్పే కొద్దీ ముందు ఛాతీలో అదురు తెలుస్తుంది, తర్వాత గొంతు తెరుచుకుంటుంది, చివరికి లోహం మెరిసినట్టు పైస్వరాలు వస్తాయి. హద్దు దగ్గరి స్వరాలను ఎత్తి చూపే రెజొనెన్స్ బాగా పెంచితే ఆసిలేటర్లు లేకపోయినా ఫిల్టర్ తనంతట తానే ఈల వేస్తుంది. నా దగ్గర నేర్చుకునే ఆ అమ్మాయి వచ్చిన ప్రతిసారీ నాబ్ మూసి “మూగ” అంటుంది, తెరుస్తూ “మోగు” అంటుంది. ఫిల్టర్ పాఠం ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

మోగ్ 1964లో మొదలుపెట్టిన మాడ్యులర్ సింథ్‌లు, అంటే విడివిడి పెట్టెలను కలిపి చేసినవి, గోడంత పెద్దవి. వాటికి కేబుళ్లు గుచ్చకపోతే చప్పుడు రాదు, నిజంగానే మూగవి. ఏ పెట్టెలోంచి ఏ పెట్టెలోకి కరెంటు వెళ్లాలో వాయించేవాడే నిర్ణయించాలి. 2018లో వచ్చిన గ్రాండ్‌మదర్ ఆ పాత సర్క్యూట్ల మీద ఆధారపడి చేసిందే. కాకపోతే లోపలి కలుపులన్నీ ముందే ఉంటాయి. ఆన్ చేసి మెట్టు నొక్కగానే మోగుతుంది. ముచ్చటపడి మార్చాలనుకుంటే 41 ప్యాచ్ పాయింట్లు, అంటే కేబుల్ గుచ్చే రంధ్రాలు ఉన్నాయి. కేబుల్ గుచ్చితే లోపలి దారి తెగి కొత్త దారి తెరుచుకుంటుంది. మొదటి వారం ఒక కేబుల్ తప్పు చోట పెట్టి, శబ్దం ఆగిపోయి, అరగంట టెన్షన్ పడ్డాను. తప్పు నాదే. అన్నీ పీకేసి మళ్లీ మొదలుపెడితే చాలు, అదే దీని గొప్ప. నేర్చుకునేవాళ్లకు భయం ఉండదు.

ధ్వనికి ప్రతిధ్వని చేర్చే స్ప్రింగ్ రివర్బ్ గురించి విడిగా చెప్పాలి. లోపల నిజంగానే స్ప్రింగులున్నాయి. రివర్బ్ పెంచి పెట్టె మీద అరచేత్తో తడితే ఎక్కడో దూరంగా పిడుగు పడినట్టు ఉరుముతుంది. గమకంలా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడానికి గ్లైడ్ ఉంది. గ్లైడ్ కొంచెం, రివర్బ్ సగం పెట్టి ఒక్క స్వరాన్ని పట్టుకుని కూర్చుంటే గంటలు గడిచిపోతాయి.

లోటు లేదని కాదు. ఇది ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. కార్డ్స్ (ఒకేసారి కొన్ని స్వరాలు) వాయించేవాళ్లు దీని జోలికి రావద్దు. మెట్లు 32 మాత్రమే, నాలాంటి రెండు చేతుల కీబోర్డు వాళ్లకు ఇరుకు. చేసుకున్న ధ్వనిని దాచుకునే మెమరీ లేదు. స్వరాల వరుసను దానంతటదే వాయించే సీక్వెన్సర్ 256 స్వరాల వరకూ గుర్తుంచుకుంటుంది కానీ నాబ్‌లు ఎక్కడున్నాయో గుర్తుంచుకోదు. నేను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటున్నాను. స్టేజీ మీద పాటకో ధ్వని మార్చాల్సిన వాళ్లకు ఇది పెద్ద తలనొప్పి.

గ్రాండ్‌మదర్ అన్న పేరు కూడా నాకు చిక్కే. మోగ్ కంపెనీ సింథ్‌లలో 2015లో మదర్-32 వచ్చింది, తర్వాత ఇది, 2019లో మేట్రియార్క్ (ఇంటి పెద్దావిడ). అమ్మమ్మా, నానమ్మా? ఇంగ్లీషుకు ఆ తేడా అక్కర్లేదు, మనకు కావాలి. మదర్‌కు అమ్మ కాబట్టి మా ఇంట్లో అమ్మమ్మే. ఇలాంటి కాకతాళీయం ఇంకొకటి ఉంది. దీనిలో ఆర్పెజియేటర్ ఉంది (పట్టుకున్న స్వరాలను ఒకదాని తర్వాత ఒకటి, అంటే ఆర్పెజియోగా పలికించేది), మోగ్‌తో పోటీపడిన పాత కంపెనీ పేరు ఆర్ప్. ఆ పేరు ఆర్పెజియో నుంచి వచ్చిందనుకుంటారు. నిజానికి ఆ కంపెనీ పెట్టినవాడు ఆలన్ ఆర్. పెర్ల్‌మన్, ఆర్ప్ అతని పొడి అక్షరాలు.

మోగ్ పేరుకు ఇంకో కథ ఉంది. రాబర్ట్ మోగ్ తన కంపెనీని వదిలి వెళ్లాక 1978లో బిగ్ బ్రయర్ అని వేరే పేరుతో పని మొదలుపెట్టాల్సి వచ్చింది. సొంత పేరు మళ్లీ అతని చేతికి వచ్చింది 2002లో. 2005లో పోయాడు. తన ఇంటిపేరు వాయిద్యం మీద అచ్చు వేసుకునే హక్కు తిరిగొచ్చాక మూడేళ్లే బతికాడన్నది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ధ్వని ఎలా పుడుతుందో చేత్తో పట్టుకుని తెలుసుకోవాలనుకునేవాళ్లు, ముఖ్యంగా పిల్లలకు నేర్పేవాళ్లు, గ్రాండ్‌మదర్‌ను తప్పకుండా ఒకసారి వాయించి చూడండి. వందల రెడీమేడ్ టోన్లు కావాలంటే వేరే కీబోర్డు చూసుకోండి. వాయించేముందు కాసేపు ఆన్ చేసి ఉంచండి. అనలాగ్ ఆసిలేటర్లు వేడెక్కే దాకా శ్రుతి కుదురుగా నిలవదు.