కార్డు రాలేదు, అయినా నాలుగు నక్షత్రాలు

రుషికొండ దగ్గరి ఒక డైవింగ్ శిక్షణ కేంద్రంలో గత జనవరిలో రీబ్రీదర్ కోర్సు చేశాను. ఎనిమిది రోజులు, లక్షా నలభై వేల రూపాయలు. చివరి రోజు మాస్టారు నా కాగితం మీద సంతకం పెట్టలేదు, కోర్సు పాసైనట్టు ఇచ్చే కార్డు రాలేదు. ఆ ఉక్రోషంతో రాస్తున్నానని మీకు అనిపించవచ్చు. పైనున్న నక్షత్రాలు మరోసారి లెక్కపెట్టుకుని చదవండి.

నేను పుట్టింది పెద్ద జాలారిపేటలో. పదహారేళ్లుగా ఓడల అడుగుభాగాన్ని తనిఖీ చేసి, శుభ్రం చేసే పనిలో ఉన్నాను. హార్బరు నీళ్లలో చేయి చాపితే వేళ్లు కనిపించవు. అలాంటి చోట పని చేసేవాడికి ఇంకెవరో కొత్తగా నేర్పేది ఏముంటుందన్న ధీమాతో వెళ్లాను.

రీబ్రీదర్ అంటే ఏమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు. మామూలు స్కూబాలో వదిలిన ఊపిరి బుడగలై పైకి పోతుంది. 30 మీటర్ల లోతులో పీడనం ఉపరితలానికి నాలుగు రెట్లు, కాబట్టి సిలిండరు కూడా నాలుగు రెట్లు వేగంగా ఖాళీ అవుతుంది. రీబ్రీదర్‌లో వదిలిన ఊపిరి బయటికి పోదు. సోడా సున్నం నింపిన డబ్బా గుండా తిరుగుతుంది, సున్నం బొగ్గుపులుసు వాయువును పీల్చేస్తుంది, ఒంటికి ఖర్చయిన ఆక్సిజన్‌ను మాత్రం యంత్రం మళ్లీ కలుపుతుంది. ఆ ఖర్చు ఎంత లోతుకు వెళ్లినా నిమిషానికి సుమారు ఒక లీటరే. అంటే 3 లీటర్ల చిన్న సిలిండరులో 200 బార్ (మామూలు గాలి పీడనానికి దాదాపు 200 రెట్లు) ఆక్సిజన్ ఉంటే, కాగితం మీద పది గంటలు సరిపోవాలి. కానీ సున్నం అంతకు చాలా ముందే చేతులెత్తేస్తుంది. మేము మూడు గంటలు దాటనివ్వలేదు.

ఈ చదువులో మెట్లు 40, 60, 100 మీటర్లు. నేను ఎక్కబోయి ఆగినది మొదటి మెట్టు మీదే. పై రెండింటికీ హీలియం కలిపిన వాయువు కావాలి. హీలియం మన దేశానికి దాదాపు అంతా దిగుమతే, ధర వింటే దాహం వేస్తుంది. ఆ రెండు మెట్ల గురించి తరగతి గదిలో రుచి మాత్రం చూపించారు.

మొదటి రోజంతా సున్నం నింపడమే. పాత రోజుల్లో కుంచంతో బియ్యం కొలిచేటప్పుడు తట్టి తట్టి నింపేవారు కదా, అచ్చం అలాగే. గింజల మధ్య ఎక్కడైనా సందు మిగిలితే ఊపిరి ఆ సందులోంచే జారిపోతుంది, సున్నాన్ని తాకదు. వ్యాపారి కుంచం తట్టకపోతే పోయేది గుప్పెడు బియ్యం. నేను ఒకసారి సరిగా తట్టకుండా మూత బిగించబోతే మాస్టారు ఆ డబ్బా మొత్తం గోనె మీద బోర్లించేశారు. ఆ సున్నం డబ్బులు నా ఖాతాలోనే రాశారు, అది వేరే సంగతి.

మాస్టారు నౌకాదళంలో డైవరుగా చేసి రిటైరైన మనిషి, శ్రీకాకుళం వైపువారు. గొంతు పెంచరు. ఒక సాయంత్రం మా నలుగురినీ బీచ్ రోడ్డులోని కుర్సురా జలాంతర్గామికి తీసుకెళ్లారు. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన ఆ జలాంతర్గామిని నేను చుట్టాలు వచ్చినప్పుడల్లా చూపిస్తూనే ఉన్నాను. తలుపులు మూసుకుని నీటి అడుగున ఉండేవాళ్లు వదిలిన ఊపిరి ఎక్కడికి పోతుందన్న ప్రశ్న ఇన్నేళ్లలో నాకు రాలేదు. టికెట్టు డబ్బులు మాస్టారే పెట్టుకున్నారు.

ఈత కొలనులో నా పరువు పోయింది. స్కూబాలో ఊపిరి పీలిస్తే కాస్త పైకి లేస్తాం, వదిలితే దిగుతాం. నా ఒళ్లు పదహారేళ్లుగా అలాగే నడుస్తోంది. ఇక్కడ ఊపిరి మన ఛాతీలోంచి యంత్రం సంచిలోకి, మళ్లీ ఛాతీలోకి వస్తుంది. మొత్తం పరిమాణం మారదు, మనం లేవం, దిగం. పక్కన ఇరవై నాలుగేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడు నిమ్మళంగా తేలుతుంటే, నేను ఖాళీ డ్రమ్ములా ఎగిరిపడుతూ కూర్చున్నాను.

మూడో రోజు ఇంకోటి జరిగింది. మూడు మీటర్ల నీటిలో ఉండగా మాస్టారు వెనకనుంచి వచ్చి నా ఆక్సిజన్ వాల్వు మూసేశారు. నాకు తెలియలేదు. చేతికున్న తెరపై, పీల్చే వాయువులో ఆక్సిజన్ పీడనం ఎంతో చూపే అంకె 0.7 ఉండాలి. నేను చూసేసరికి 0.4. ఇంకొంచెం ఆలస్యమైతే ఆయనే తెరిచేవారు, అది నిజమే. కానీ ఆ రెండు నిమిషాలూ నాకు ఆయాసం లేదు, కంగారు లేదు, హాయిగా ఉంది. ఊపిరాడటం లేదన్న బాధ బొగ్గుపులుసు వాయువు పేరుకుంటే వచ్చేది. దాన్ని సున్నం తీసేస్తోంది కదా! అంకె 0.16 కంటే దిగితే ప్రమాదం, ఇంకా దిగితే ఏ హెచ్చరికా లేకుండా స్పృహ పోతుంది. ఆ రాత్రి అన్నం తింటూ కూడా నేను మణికట్టు చూసుకుంటుంటే మా ఆవిడ, "ఏమండీ, వాచీ పోయిందా?" అని అడిగింది.

ఇక తగ్గించిన ఒక నక్షత్రం సంగతి. కేంద్రం అద్దెకిచ్చిన యంత్రంలో మూడు ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. గాలిలో 10 మిల్లీవోల్టులు చూపే సెన్సరు శుద్ధ ఆక్సిజన్‌లో 48 దగ్గరికి రావాలి. ఐదో రోజు పొద్దున నా మూడో సెన్సరు 41 దగ్గర ఆగిపోయింది. దాని మీది తేదీ చూస్తే పద్నాలుగు నెలల పాతది. ఏడాదికి మార్చాల్సిన వస్తువు అది. విడిగా ఇంకొకటి కేంద్రంలో లేదు. చెన్నై నుంచి తెప్పించేదాకా రోజున్నర ఒడ్డున కూర్చున్నాం. అంత డబ్బు తీసుకునే చోట నాలుగు సెన్సర్లు అదనంగా పెట్టుకోలేరా? యజమాని క్షమాపణ చెప్పారు, టీ ఇప్పించారు. రోజున్నర మాత్రం తిరిగి ఇవ్వలేదు. అయితే "మిగతా రెండూ బాగున్నాయి కదా, దిగుదాం" అన్నది నేను. ఒప్పుకోనిది మాస్టారు.

సముద్రంలో మొదటి డైవు గురించి ఎక్కువ చెప్పలేను. బుడగలు లేవు, చప్పుడు లేదు. మా నాన్న జీవితమంతా వలలో తప్ప చూడని వంజరం ఒకటి బారెడు దూరంలోంచి, నేను రాయినన్నట్టు, తన దారిన తాను పోయింది.

చివరి డైవులో, 20 మీటర్ల దగ్గర, మాస్టారు పలక చూపించారు: "నీకు ఆయాసంగా ఉంది." అంటే సున్నం పని చేయడం లేదని అర్థం. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, యంత్రాన్ని వదిలి పక్కనున్న అత్యవసర సిలిండరు నోట పెట్టుకోవడం. నేను ముందు తెర చూశాను. మూడు సెన్సర్లూ పోల్చాను. వాల్వులు తడిమాను. ఓడల కింద పనిచేసేవాడి బుద్ధి, లోపం ఎక్కడుందో కనిపెట్టకుండా ఊరుకోదు. ఆ తర్వాతే సిలిండరు అందుకున్నాను.

పడవ మీద ఆయన, "నలభై సెకన్లు తీసుకున్నావు బాబూ. నిజంగా ఆ వాయువు ఎక్కి ఉంటే, పదో సెకను తర్వాత నీకు లెక్కలు రావు" అన్నారు. కాగితం మడిచి సంచిలో పెట్టేసుకున్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ఆయనెవరో మంచి మనిషే" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. లక్షా నలభై వేల గురించి ఆ తర్వాత రెండు రోజులు మాట్లాడింది లెండి.

చేరాలనుకునేవారికి: రుసుములో సున్నం, వాయువులు కలపలేదు, నాకు మరో పదిహేడు వేలు అయింది. తరగతి ఇంగ్లీషులోనే, కానీ అడిగితే మాస్టారు తెలుగులో మళ్లీ చెబుతారు. సొంత యంత్రం కొనాలంటే ఆరేడు లక్షలు దాటుతుంది కాబట్టి కోర్సు అయ్యాక ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి.

నాకు రెండు రోజుల మళ్లీ పరీక్ష ఉంది, అదనపు రుసుము లేదన్నారు. ఈసారి సెన్సర్లు నేనే కొని పట్టుకెళ్తున్నాను.