చెట్టు నీడ, బ్యాటరీ లెక్క

క్యాంపర్‌వ్యాన్‌తో రాత్రి ఎక్కడ ఆగితే బాగుంటుందని అడిగితే, చెప్పేవాళ్లందరూ ముందు అక్కడి అందం గురించే చెబుతారు. నీళ్లు దొరుకుతాయో లేదో, దారి ఎలా ఉంటుందో కూడా చెబుతారు. మిట్టమధ్యాహ్నం వ్యాన్ పైకప్పు మీద ఎండ పడుతుందా అన్న సంగతి మాత్రం ఎవరి నోటా రాదు. కరెంటు కనెక్షన్ లేని చోట రెండు రాత్రులు గడపాలనుకునేవాళ్లకు అన్నిటికన్నా ముందు కావలసింది అదే. అందుకే ఈసారి మేము ఆగిన చోట్లన్నిటినీ లీజర్ బ్యాటరీ వైపు నుంచి తూచి రాస్తున్నాను. అందమైన చోటికి తక్కువ మార్కులు పడితే ఏమీ అనుకోకండి.

ముందు మా సరంజామా చెప్పాలి, లేకపోతే అంకెలకు అర్థం ఉండదు. ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీ వేరు, లోపల ఇల్లు నడిపే లీజర్ బ్యాటరీ వేరు. మొదటిది కొన్ని క్షణాల పాటు వందల ఆంపియర్లు ఇచ్చి ఊరుకుంటుంది. రెండోది గంటల తరబడి కొద్దికొద్దిగా ఇస్తూ ఉండాలి. మాది 200 ఆంపియర్ అవర్ల (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు ఇస్తే ఒక ఆంపియర్ అవర్) ఏజీఎమ్, అంటే లెడ్ యాసిడ్ కుటుంబంలోదే. తరచూ సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరిగిపోతుంది కాబట్టి చేతిలో ఉన్నది 100 అనే అనుకోవాలి. పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెల్ సమతలంగా బిగించి ఉంది. బండి నడుస్తున్నప్పుడు ఇంజిన్ వైపు కరెంటుతో లీజర్ బ్యాటరీని నింపే 30 ఆంపియర్ల డీసీ–డీసీ ఛార్జర్ పనిచేస్తుంది. ఖర్చులో పెద్ద పద్దు కంప్రెసర్ ఫ్రిజ్‌ది. అది నడిచేటప్పుడు 45 వాట్ల దాకా లాగుతుంది, రోజులో మూడో వంతు సేపు నడుస్తుందనుకుంటే 30 ఆంపియర్ అవర్లు. దీపాలు, నీళ్ల పంపు, ఫోన్లు, ల్యాప్‌టాప్ కలిసి ఇంకో 20. ఒక్క చుక్క ఎండ పడకపోయినా రెండు రోజులు గడుస్తుందన్నమాట. మూడో రోజు గురించే ఈ తంటా అంతా.

మొదటి రాత్రి హైవే పక్కన లారీలు ఆగే మైదానంలో గడిపాం. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పక్క లారీ శీతలీకరణ యంత్రం తెల్లవార్లూ మోగుతూనే ఉంది. నిద్రకు సున్నా మార్కులు, బ్యాటరీకి పూర్తి మార్కులు. పగలంతా బండి నడిపాం కదా. అయితే బండి నడిస్తే చాలు బ్యాటరీ నిండిపోతుందనే నమ్మకం అన్ని వ్యాన్లకూ చెల్లదు. ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్. ఇప్పటి ఇంజిన్లలో చాలావాటికి స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉంటుంది. ఇంధనం ఆదా చేయడానికి అది తన వోల్టేజీని ఎప్పటికప్పుడు తగ్గించుకుంటుంది. పాత పద్ధతిలో స్విచ్ లాంటి ఒక్క రిలేతో రెండు బ్యాటరీలనూ కలిపితే లోపలి బ్యాటరీకి సగం తిండే అందుతుంది. డీసీ–డీసీ ఛార్జర్ ఆ తక్కువ వోల్టేజీని తీసుకుని బ్యాటరీకి కావలసిన 14.4 దాకా పెంచి ఇస్తుంది. మాకు ఆ డబ్బా ఉండబట్టే ఆ రాత్రి నిశ్చింతగా గడిచింది.

ఇక అడవి. ఈ యాత్రలో అందరికీ నచ్చిన చోటు ఇదే. మట్టి దారి చివర పొడవాటి చెట్ల మధ్య వ్యాన్ పట్టేంత ఖాళీ, పక్కనే సన్నటి వాగు. ఫోన్‌కు సిగ్నల్ లేదు, మనిషి జాడ లేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు మీటర్ చూశాను. ఆకుల సందుల్లోంచి ఎండ చారలుగా ప్యానెల్ మీద పడుతోంది. 1.2 ఆంపియర్లు వస్తున్నాయి. గాలికి కొమ్మ కదిలితే 3 అవుతుంది, మళ్లీ పడిపోతుంది. ఆరుబయట అదే ప్యానెల్ ఆ సమయానికి 10 ఆంపియర్ల పైన ఇస్తుంది. ప్యానెల్ మీద పావు భాగమే నీడ ఉంటే పావు వంతే తగ్గుతుందనుకుంటాం కానీ లెక్క అలా నడవదు. లోపల సెల్స్ వరసగా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. వరసలో ఒక్కదాని మీద నీడ పడినా కరెంటు మొత్తం దాని దగ్గరే బిగుసుకుంటుంది. బైపాస్ డయోడ్లు ఆ వరసను పక్కన పెట్టి మిగతావాటిని నడిపిస్తాయి కాబట్టి సరిపోయింది, లేకుంటే అది కూడా రాదు. ఒక సన్నటి కొమ్మ, పైకప్పు మీది యాంటెనా కడ్డీ, ఆఖరికి పక్షి రెట్ట కూడా ఈ పని చేయగలవు.

అడవికి మందు మడత ప్యానెల్. వ్యాన్‌ను నీడలోనే ఉంచి, ప్యానెల్‌ను మాత్రం పొడవాటి తీగతో ఎండ పడే చోటికి తీసుకెళ్లాలి. ఇక్కడ వాగు ఒడ్డున రాళ్ల మీద పూట మొత్తం కాస్త ఎండ ఉంది. గంటకోసారి లేచి సూర్యుడి వైపు తిప్పుతుంటే 5, 6 ఆంపియర్లు నిలకడగా వచ్చాయి. సెలవు తీసుకుని వచ్చి ఇలా ప్యానెల్‌కు కాపలా కాయడమేమిటని నా భార్య అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. రెండో సాయంత్రం ఫ్రిజ్ ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ 12.2 వోల్టులు చూపించింది. ఏమీ లాగకుండా కొంతసేపు విశ్రాంతిగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీకి 12.7, ఆ పైన ఉంటే నిండు, 12.2 అంటే సుమారు సగం. బయలుదేరమని అది చెప్పేసినట్లే. ఇంజిన్‌ను ఆన్ చేసి ఊరికే ఉంచితే సరిపోదా అని కొందరు అంటారు. బండి ఆగి ఉండగా ఇంజిన్ తిరిగే వేగానికి ఆల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ, దానికి గాలి తగిలి చల్లబడేదీ తక్కువ. పొగ, చప్పుడు మాత్రం పూర్తిగా ఉంటాయి. వాగు పక్కన ఆ పని చేయడానికి చేతులు రావు.

అడవి బసకు నా మార్కు: నిండు బ్యాటరీతో వెళ్లి, రెండో రాత్రి తర్వాత వచ్చేసేవాళ్లకు పదికి తొమ్మిది. వారం ఉండాలనుకునేవాళ్లకు నాలుగు.

సరస్సు ఒడ్డు దీనికి పూర్తిగా వ్యతిరేకం. గడ్డి మైదానం, ఒక్క చెట్టు లేదు, పొద్దున ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంటుంది. పదకొండు దాటేసరికి బ్యాటరీ నిండి, సోలార్ ఛార్జింగ్‌ను అదుపు చేసే కంట్రోలర్ ఫ్లోట్‌లోకి, అంటే నిండిన బ్యాటరీని అలాగే నిలిపి ఉంచే దశలోకి, వెళ్లింది. ఎండ ఉన్నంత సేపూ ఖర్చు పెట్టడమే తెలివి కాబట్టి ల్యాప్‌టాప్, కెమెరా, ఫోన్లు అన్నీ ఆ పూటే ఛార్జ్ చేసుకున్నాం. ల్యాప్‌టాప్‌ను ఇన్వర్టర్ మీద కాకుండా 12 వోల్టుల ఛార్జర్‌తో నడపడం మంచిది. ఇన్వర్టర్ ఖాళీగా ఆన్‌లో ఉన్నా కొంత తింటూనే ఉంటుంది, రాత్రంతా మరిచిపోతే ఆ కొంతే తెల్లారేసరికి పెద్దదవుతుంది. సరస్సు దగ్గర లోటు ఒకటే, వేడి. వ్యాన్ లోపల కాగిపోతుంటే ఫ్రిజ్ మూడో వంతు కాదు, సగానికి పైగా సమయం నడిచింది. వేడెక్కిన ప్యానెల్ ఇచ్చేదీ కొంత తగ్గుతుంది. అయినా మిగులే. ఇక్కడ అసలు ఇబ్బంది పక్క బండివాళ్ల జనరేటర్. పైకప్పు మీద అంత ఎండ పెట్టుకుని జనరేటర్ ఎందుకో వాళ్లకే తెలియాలి.

కనుమ మీది చలి రాత్రి వేరే సంగతి. సాయంత్రానికి బ్యాటరీ మరీ నిండుగా లేదు, అలాగని ఖాళీగానూ లేదు, 12.3. చీకటి పడ్డాక డీజిల్ హీటర్ ఆన్ చేశాం. ఫ్యాన్ తిరిగింది, ఇంధనం పంపు టిక్కు టిక్కుమంది, నిమిషం కాకుండానే అంతా ఆగిపోయి తెర మీద తక్కువ వోల్టేజీ అని కోడ్ వచ్చింది. బ్యాటరీ దగ్గర మీటర్ మాత్రం 12 చూపిస్తోంది. మల్టీమీటర్ తీసి హీటర్ ప్లగ్గు దగ్గరే పెట్టి మళ్లీ స్టార్ట్ చేశాం. ఇంధనాన్ని అంటించే లోపలి గ్లో ప్లగ్‌ను వేడెక్కించడానికి హీటర్ 10 ఆంపియర్ల దాకా లాగగానే అక్కడ 10.5కు పడిపోయింది. మధ్యలో ఒకటిన్నర వోల్టు ఏమైందంటే, తీగలో పోయింది. బిగించినవాళ్లు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వాడారు, బ్యాటరీ నుంచి హీటర్ దాకా ఆరు మీటర్లు, రానూ పోనూ పన్నెండు. 230 వోల్టుల ఇంట్లో ఆ నష్టం ఎవరికీ కనిపించదు. 12 వోల్టుల దగ్గర అది పదోవంతు కన్నా ఎక్కువ. ఒకసారి అంటుకున్నాక హీటర్‌కు ఒకటి రెండు ఆంపియర్లే చాలు, చిక్కంతా స్టార్ట్ చేసేటప్పుడే. ఇంజిన్ ఆన్ చేసి ఉంచితే వోల్టేజీ పెరిగి హీటర్ అందుకుంది. ఆ రాత్రికి అలా గడిచింది.

తెల్లవారి ప్యానెల్ మీద గాజు పొరలా మంచు. తుడిచి, బండి వెనక భాగం సూర్యుడి వైపు వాలేలా ఏటవాలు నేల మీదికి మార్చాం. పొద్దు కిందుగా ఉన్నప్పుడు ఆ కాస్త వాలు కూడా పనికొస్తుంది. పైగా చల్లటి ప్యానెల్ బాగా పనిచేస్తుంది. ఎండ వచ్చాక అంకెలు చూస్తే ముచ్చటేసింది.

కనుమ దిగాక వ్యాన్లకు ఎలక్ట్రికల్ పని చేసే వర్క్‌షాప్‌కు వెళ్లాం. అంతకు ముందు ఫోన్ చేసిన మరొక చోట, బండిని చూడకుండానే బ్యాటరీలు రెండూ మార్చాలన్నారు. ఇక్కడి మెకానిక్ ముందు అడిగింది బ్యాటరీ మీది కాగితం. అందులో తయారీదారు రాసిన ఛార్జింగ్ వోల్టేజీ చూశాడు, తర్వాత సోలార్ కంట్రోలర్ సెట్టింగ్ చూశాడు. అది జెల్ అనే మరో రకం లెడ్ బ్యాటరీకి పెట్టి ఉంది, 14.1 దగ్గరే ఆగిపోతోంది. మా ఏజీఎమ్‌కు 14.4 పైన కావాలి. "బ్యాటరీ పాతబడలేదండీ, దీనికి ఎవరూ కడుపునిండా పెట్టలేదు. కొన్నాళ్లు ఇలాగే నడిపితే మాత్రం పాడవుతుంది" అన్నాడు. లెడ్ బ్యాటరీని పూర్తిగా నింపకుండా వారాల తరబడి వాడితే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, ఆ మేరకు సామర్థ్యం పోతుంది. సెట్టింగ్ మార్చాడు, హీటర్‌కు ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ లాగాడు, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టాడు. లోడ్ పెట్టి పరీక్షించి ఆ అంకెలు మాకే రాసి ఇచ్చాడు. యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన సేవ ఇదే. అమ్మడానికి కొత్త బ్యాటరీలు షాపులోనే ఉన్నాయి, వాటి ఊసు కూడా ఎత్తలేదు.

ఆఖరున డబ్బు కట్టే క్యాంపింగ్ మైదానం, కరెంటు పాయింట్‌తో సహా. వరసగా నంబర్లు వేసిన స్థలాలు, వేడి నీళ్ల స్నానాల గది, రాత్రి పదింటి తర్వాత నిశ్శబ్దం. అందానికి పెద్ద మార్కులు రావు, కానీ బ్యాటరీకి ఇది విందు భోజనం. లెడ్ బ్యాటరీ మొదటి ఎనభై శాతం చురుగ్గా తీసుకుంటుంది, చివరి ఇరవైకి గంటలు పడుతుంది. ఆ చివరి భాగం రెండు గంటల ప్రయాణంలో నిండదు, మబ్బు పట్టిన పూట సోలార్‌తోనూ నిండదు. ఛార్జర్‌ను రాత్రంతా గోడ కరెంటుకు తగిలిస్తే నిండుతుంది. పడుకునేముందు చూస్తే 20 ఆంపియర్లు లోపలికి వెళ్తున్నాయి, పొద్దున లేచేసరికి ఒకటి కూడా లేదు. అదీ నిజమైన నిండు. మిగిలింది ఎంతో లెక్కగట్టే షంట్ మీటర్ కూడా అప్పుడే మళ్లీ నూరు శాతానికి సరిచేసుకుంటుంది. లేకపోతే రోజులు గడిచేకొద్దీ దాని లెక్క పక్కకు జరుగుతుంది.

బుక్ చేసేముందు ఒక మాట అడగండి, పాయింట్ ఎన్ని ఆంపియర్లని. మాకు వచ్చింది 6. 230 వోల్టుల దగ్గర అది 1,380 వాట్లే. ఛార్జర్ పనిచేస్తుండగా కెటిల్, చిన్న గది హీటర్ కలిపి పెడితే బ్రేకర్ పడిపోతుంది. మా ఎదురు బండివాళ్లకు అదే జరిగి, టార్చ్ పట్టుకుని కాపలాదారు గది దాకా నడిచారు. 16 ఆంపియర్ల స్థలం దొరికితే ఆ బెడద లేదు. తీగను చుట్ట మీద నుంచి పూర్తిగా విప్పి పరచాలి, చుట్టలో ఉండగా ఎక్కువ కరెంటు పోతే తీగ వేడెక్కి కరుగుతుంది. ఆ సంగతి రిసెప్షన్‌లో చెప్పరు.

లిథియం మాటేమిటని సరస్సు దగ్గర కలిసిన ఒకాయన అడిగారు. వారి వ్యాన్‌లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఉంది. వంద ఆంపియర్ అవర్లలో ఎనభై, తొంభై నిర్భయంగా వాడుకోవచ్చు, బరువు మా దానిలో సగం కూడా ఉండదు, చివరి దాకా దాదాపు ఒకే వేగంతో ఛార్జ్ తీసుకుంటుంది. పూర్తిగా నింపకపోయినా దానికి కోపం రాదు. అడవిలో ఎక్కువ రోజులు ఉండి, కొద్దికొద్దిగా మాత్రమే బండి నడిపేవాళ్లకు నా సలహా కూడా అదే. కాకపోతే సున్నా డిగ్రీల కిందకు చల్లబడ్డ లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు, లోపల లోహం పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. మంచి బ్యాటరీల్లోని రక్షణ వ్యవస్థ ఆ చలిలో ఛార్జింగ్‌ను తానే ఆపేస్తుంది. కనుమ మీద ఆ పొద్దున్న, మంచు తుడిచిన ప్యానెల్ కింద బయట బిగించిన లిథియం ఉండి ఉంటే ఎండ ఎంత కాసినా ఒక్క ఆంపియర్ లోపలికి వెళ్లేది కాదు. దాన్ని వ్యాన్ లోపల వెచ్చటి చోట పెట్టాలి, లేదా వేడిచేసే పొర ఉన్న రకం కొనాలి. మేము రెండో రాత్రికి కదిలిపోయే రకం, కొండలంటే ఇష్టపడే రకం. సెట్టింగ్ సరిచేశాక ఏజీఎమ్ పొద్దున్నే 12.7 చూపిస్తోంది కాబట్టి ప్రస్తుతానికి దాన్నే ఉంచుకున్నాం. కొనాలనుకుంటున్నది మాత్రం ఇంకో మడత ప్యానెల్, దానికి ఇంకాస్త పొడవాటి తీగ.