ఇకిగామి: పది సంపుటాలూ పదే పదే చదివాక

ఇకిగామిని మొదటిసారి చదివేటప్పుడు చూపంతా చచ్చిపోయేవాళ్ళ మీదే ఉంటుంది. రెండోసారికి వాళ్ళ ఇంటికి చావు కబురు కాగితం పట్టుకెళ్ళి ఇచ్చే మనిషి మీదికి మళ్ళుతుంది. మొతోరో మాసే రాసి గీసిన ఈ మాంగాకి, అంటే జపాన్ బొమ్మల కథకి, అసలు బలం ఆ రెండో చదువులోనే తెలుస్తుంది. విసుగు పుట్టించే చోట్లు బయటపడేదీ అప్పుడే.

జపాన్‌ని తలపించే ఒక దేశం. అక్కడ జాతి శ్రేయస్సు పేరుతో ఒక చట్టం. ఒకటో తరగతిలో చేరిన పిల్లలందరికీ టీకా తప్పనిసరి. వెయ్యి సిరంజిల్లో ఒకదానిలో మాత్రం కంటికి కనపడని క్యాప్సూల్ ఉంటుంది. అది ఎవరి ఒంట్లోకి వెళ్ళిందో ఇంట్లోవాళ్ళకి తెలియదు. 18 నుంచి 24 ఏళ్ళ మధ్య, ముందే ఖాయం చేసిన రోజున, ఖాయం చేసిన గడియకి అది పగిలి మనిషి ప్రాణం పోతుంది. దానికి 24 గంటల ముందు ప్రభుత్వ ఉద్యోగి ఇంటికొచ్చి ఒక తాఖీదు చేతిలో పెడతాడు. అదే ఇకిగామి. ఎప్పుడు పోతామో తెలియని భయం ఉంటేనే జనానికి ప్రాణం విలువ తెలుస్తుందని సర్కారు వాదన. ఇది టీకాల మీద అనుమానం రేపే కథ అనుకుని దూరం పెట్టేవాళ్ళున్నారు. అలాంటిదేమీ లేదు. దేశంలో ఒక్క ఇల్లు కూడా తప్పించుకోలేని పని ఏదో ఒకటి కావాలి కాబట్టి రచయిత స్కూలు టీకాని ఎంచుకున్నాడు, అంతే.

వెయ్యికి ఒకరు అన్న అంకె దగ్గర కాస్త ఆగి లెక్క వేసుకుంటే కథ ఇంకా బాగా అర్థమవుతుంది. ఈ సీరియల్ మొదలైన 2005లో జపాన్‌లో పుట్టిన పిల్లలు సుమారు పది లక్షల అరవై వేలు. ఈ చట్టాన్ని వాళ్ళకి వర్తింపజేస్తే ఏడాదికి వెయ్యి చావులు, అంటే రోజుకి ముగ్గురు. తోక్యోలో లక్షల జనం ఉండే ఒక మామూలు వార్డుకి పంచితే ఏడాదికి సుమారు మూడు తాఖీదులే వస్తాయి. అంత పెద్ద దేశంలో ఇవి చాలా తక్కువ చావులు. అయినా 24 దాటేదాకా ప్రతి కుర్రవాడూ ప్రతి అమ్మాయీ తమ వంతేమోనని బిక్కుబిక్కుమంటూ బతకాలి. ప్రభుత్వానికి కావలసింది ఆ ఎదురుచూపే. ఇంత చవకగా దేశం మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకునే ఏర్పాటు ఈ తరహా మాంగాల్లో నాకు ఇంకోటి కనపడలేదు. చాలావాటిలో గోడలు, సైనికులు, తుపాకులు కావలసివస్తాయి. ఇక్కడ ఒక ఫైలు, ఒక గుమాస్తా చాలు.

ఆ గుమాస్తా పేరు ఫుజిమోతో కెంగో. వార్డు ఆఫీసు ఉద్యోగి. చెడ్డవాడేమీ కాదు, మరీ మంచివాడని కూడా అనలేం. మన దగ్గర ఎమ్మార్వో ఆఫీసులో కుల ధ్రువీకరణ పత్రం చేతికిచ్చినంత మామూలుగా చావు కబురు ఇవ్వడం అతని డ్యూటీ. నిబంధనలు కూడా అదే ధోరణిలో ఉంటాయి. తాఖీదు చూపిస్తే ఆ ఒక్కరోజు ప్రయాణాలు, తిండి ఉచితం. చనిపోయినవాడి కుటుంబానికి పింఛను. ఆ చివరి రోజు నేరం చేస్తే పింఛను పోతుంది, పైగా బాధితులకి నష్టపరిహారం కుటుంబమే కట్టుకోవాలి. చట్టం తప్పని నోరు విప్పినవాళ్ళ మీద ఆలోచనల నేరం మోపి, వాళ్ళకే ఆ సూది పొడుస్తారు. ‘ఎలాగూ చస్తున్నాను కదా, ఎందుకు తెగించకూడదు’ అని చదువరికి వచ్చే ప్రశ్నకి జవాబు ఈ నిబంధనల్లోనే ఉంది. తెగించినవాడి ఇంటివాళ్ళు రోడ్డున పడతారు.

దీనికి చరిత్రలో వేరు ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్‌లో సైన్యంలోకి పిలుపు ఎర్ర కాగితం మీద వచ్చేది. దాన్ని ఇంటికి తెచ్చిచ్చేది తుపాకీ పట్టిన సిపాయి కాడు, ఊరి ఆఫీసు ఉద్యోగి. ఈ సంగతి తెలిసి చదివితే రెండో సంపుటంలోని వృద్ధాశ్రమం కథ బరువు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అక్కడ పనిచేసే కుర్రవాడిని చూసి ఒక ముసలావిడ యుద్ధానికి వెళ్ళిన తన భర్తే అనుకుంటూ ఉంటుంది. ఆ కుర్రవాడికి తాఖీదు వస్తుంది. మాసే ఎక్కడా ఆగి చరిత్ర పాఠం చెప్పడు. రెండు కాలాలనీ పక్కపక్కన పెట్టి వదిలేస్తాడు. పది సంపుటాల్లో నా దృష్టిలో ఇదే గొప్ప కథ.

మొదటి సంపుటంలో వీధి గాయకుడి కథ పేరున్నది, పేరుకి తగ్గదే. పాత జోడీని వదిలేసి పెద్ద కంపెనీ పంచన చేరినవాడు, చివరి గంటల్లో ప్రత్యక్ష ప్రసారంలో పాడతాడు. మూడో సంపుటంలో చూపులేని చెల్లెలికి తన కళ్ళు దక్కాలనుకునే అన్న కథ ఉంది. ఆ కళ్ళు ఎవరివో తెలిస్తే ఆ పిల్ల ఒప్పుకోదు, కాబట్టి చుట్టూ ఉన్నవాళ్ళంతా కలిసి ఒక అబద్ధం కడతారు. కన్నీళ్ళు గట్టిగా పిండుతుంది. అయినా చుట్టూ ఉన్న మామూలు మనుషులు చట్టానికి తెలియకుండా ఒకరికొకరు సాయపడే తీరు వల్ల నిలబడింది. 2008లో వచ్చిన సినిమా కూడా ఈ అన్నాచెల్లెళ్ళ కథనీ, గాయకుడి కథనీ తీసుకుంది.

ఇక విసుగు సంగతి. దాదాపు ప్రతి సంపుటంలో రెండేసి కథలు. అన్నిటికీ ఒకటే చట్రం: ఒక బతుకు, అందులో ఒక పుండు, తాఖీదు, చావుకి ఇంకెన్ని గంటలో చూపించే లెక్క, ఆఖర్న ఫుజిమోతో నిట్టూర్పు. వరసగా మూడు సంపుటాలు చదివితే నాలుగో దాంట్లో ఏ పేజీలో ఏడుపు వస్తుందో ముందే తెలిసిపోతుంది. వారపత్రికలో కొద్దికొద్దిగా వచ్చినప్పుడు ఇది తెలిసేది కాదు, పుస్తకాల కట్టగా చేతికొచ్చేసరికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఒకేసారి సంపుటం మించి చదవకపోవడమే దీనికి మందు. వారానికొకటి పెట్టుకుంటే రెండున్నర నెలల్లో అయిపోతుంది, ఏ కథకి ఆ కథ గుర్తుంటుంది. మధ్య సంపుటాల్లో కొన్ని పాత్రలు చట్టంలోని ఏదో ఒక మెలికను చూపించడానికే పుట్టినట్టుంటాయి. అవి రెండోసారికి ఆగవు. ఫుజిమోతో ఆఫీసు గొడవలు వచ్చే పేజీలను మాత్రం తొందరపడి తిప్పేయొద్దు. అక్కడొక మాట, ఇక్కడొక చూపుగా పేరుస్తూ పోయినదే చివరి సంపుటాల్లో అసలు కథ అవుతుంది. అందుకే మంచి కథలు మాత్రం ఏరుకుని చదివినవాళ్ళకి ముగింపు హఠాత్తుగా ఊడిపడినట్టుంటుంది. ఆ ముగింపు ఏమిటో ఇక్కడ చెప్పను. కొంత హడావిడిగా ఉందని మాత్రం చెప్పగలను.

బొమ్మల విషయంలో మాసే పట్టంతా ముఖాల మీదే. తలుపు తీసిన తల్లి ముఖం: కళ్ళు ఇంకా కాగితం మీద ఉంటాయి, నోరు మాత్రం వచ్చినవాడికి మర్యాద చెప్పడానికి సగం తెరుచుకుని ఉంటుంది. ఆ రెంటికీ పొత్తు కుదరని క్షణాన్ని పట్టుకోవడంలో అతనికి అతనే సాటి. ఏడుపులు హెచ్చినచోట అదే పట్టు గుదిబండ అవుతుంది. మెలితిరిగిన పెదాలు, ఉబ్బిన కళ్ళు అందరికీ ఒకేలా వచ్చేస్తాయి. వీధులు, ఆఫీసులు, రైల్వే స్టేషన్లు మాత్రం ఎక్కడా భవిష్యత్తులా ఉండవు. రోజూ చూసే ఊరిలాగే ఉంటాయి, అదే భయం.

చదవబోయేవాళ్ళకి కొన్ని పనికొచ్చే సంగతులు. సీరియల్ 2005లో షోగాకుకాన్ వారి యంగ్ సండే వారపత్రికలో మొదలైంది. 2008లో ఆ పత్రిక మూతపడ్డాక బిగ్ కామిక్ స్పిరిట్స్‌కి మారి 2012లో ముగిసింది. ఇంగ్లీషులో పది సంపుటాలూ విజ్ మీడియా వేసింది. అచ్చు ప్రతులు విడివిడిగా కొంటూ పోతే మధ్యలో ఒకటో రెండో దొరక్క ఆగిపోతుంది, సెట్టుగా దొరికితేనే కొనడం మంచిది. పాత ప్రతి కొనేటప్పుడు ఎన్నో సంపుటమో అమ్మేవాణ్ణి అడిగి ఖాయం చేసుకోవాలి, ఫొటోని నమ్మొద్దు. డిజిటల్‌లో అయితే పేజీలు కుడి నుంచి ఎడమకి తిరిగేలా సెట్టింగు ఉందో లేదో ముందే చూసుకోవాలి, లేకపోతే రెండు పేజీల బొమ్మలు తారుమారవుతాయి. ఫోన్లో ఒక్కో గడినీ పెద్దది చేసి చూపించే పద్ధతి ఈ మాంగాకి అసలు పనికిరాదు. మాటల్లేని గడులు పేజీ మొత్తం మీద ఎంత చోటు తీసుకున్నాయన్నదే ఇక్కడ కాలాన్ని చెబుతుంది. పది అంగుళాల ట్యాబ్ అడ్డంగా పెట్టుకుంటే రెండు పేజీలూ కలిపి కనపడతాయి, అక్షరాలు కూడా ఆనతాయి.

పిల్లలకి ఇచ్చే పుస్తకం కాదు. మొదటి కథలోనే స్కూల్లో చిత్రహింసలు, ప్రతీకారం, లైంగిక హింస నీడ ఉన్నాయి. రెండో సంపుటంలో మత్తుమందులు వస్తాయి. ఇంట్లో ఈమధ్యే చావు జరిగినవాళ్ళు, ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు, కొన్నాళ్ళు ఆగి మొదలుపెట్టడం మేలు.

మొదటి సంపుటం ఒక్కటే కొని చూసి తేల్చుకుందామనుకుంటే పొరపాటు పడే వీలుంది. ప్రతీకారం కథ బాగా మోటుగా ఉంటుంది, మొత్తం ఇలాగే సాగుతుందేమో అనిపిస్తుంది. రెండో సంపుటం కూడా కలిపి తీసుకోండి. ముసలావిడ కథ దాకా వచ్చాక కూడా మనసుకి పట్టకపోతే మిగతా ఎనిమిదీ కొనక్కర్లేదు.