కారు సంవత్సరమా, బ్లాక్ నంబరా?

పాత కారుకి ఇంజిన్ పార్టులు వెతకడానికి రెండు దారులున్నాయి: మోడల్, సంవత్సరం చెప్పి కేటలాగ్ చూడటం, లేదా ఇంజిన్ బ్లాక్ (సిలిండర్లుండే ప్రధాన భాగం) మీదున్న నంబర్లు చదవడం.

మొదటిది సులువు. బ్రేకులకి, అద్దాలకి చాలావరకు సరిపోతుంది కూడా. తేడా కొట్టేది ఇంజిన్ దగ్గరే. ఇన్నేళ్ల తర్వాత కారులో మొదటి ఇంజినే ఉందని గ్యారంటీ ఏంటి? షెవ్రొలే 327 ఇంజిన్‌నే తీసుకోండి. 1967 వరకు మెయిన్ జర్నల్ (ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌లో బేరింగుల మధ్య తిరిగే భాగం) వ్యాసం 2.30 అంగుళాలు, 1968 నుంచి 2.45. 1966 కారులో ఎవరో 1968 ఇంజిన్ ఎక్కించి ఉంటే, కేటలాగ్ చూసి తెచ్చిన బేరింగులు పట్టనే పట్టవు.

నంబర్లు చదవాలంటే ఓపిక కావాలి. ఈ ఇంజిన్లలో కాస్టింగ్ నంబర్ (బ్లాక్ పోత పోసేటప్పుడే పడే నంబర్) బ్లాక్ వెనక, గేర్‌బాక్స్ బిగించే అంచు మీద ఉంటుంది. జిడ్డు, రంగు గీకితే గానీ కనపడదు. పోనీ కనపడ్డా, అదొక్కటే చాలదు. 3970010 నంబరున్న షెవ్రొలే 350 ఇంజిన్ బ్లాకుల్లో మెయిన్ క్యాప్‌కి (క్రాంక్‌షాఫ్ట్‌ని బ్లాక్‌కి పట్టి ఉంచే మూతకి) రెండు బోల్టులున్నవీ ఉన్నాయి, నాలుగున్నవీ ఉన్నాయి. ముందువైపు ప్యాడ్ మీద కొట్టిన కోడ్ కూడా చూడాలి. (అదీ ఎవరైనా చెరిపి మళ్లీ కొట్టారేమోనని ఒక టెన్షన్!)

అయినా నా ఓటు నంబర్లకే. బేరింగులు కొనేముందు మాత్రం జర్నల్‌ని మైక్రోమీటర్‌తో కొలవాల్సిందే. క్రాంక్‌షాఫ్ట్‌ని ఒకసారి గ్రైండ్ చేయించి ఉంటే అండర్‌సైజ్ బేరింగులు (సన్నబడిన జర్నల్‌కి సరిపోయేవి) కావాలి, ఆ సంగతి ఏ కాస్టింగ్ నంబరూ చెప్పదు.