వంటింట్లో కాంటా: మూడున్నర నెలల వాడకం తర్వాత

షుగర్ బార్డర్‌లో ఉందని సెప్టెంబర్ చివర్లో రిపోర్టు వచ్చింది. డైటీషియన్ ఒక కాగితం చేతిలో పెట్టింది. రోజుకి 1500 కేలరీలు. దాని కింద "అన్నం ఒక కప్పు, పప్పు ఒక కప్పు, కూర అర కప్పు" అని వరుసగా రాసి ఉంది. ఇంటికొచ్చి అల్మారా తీస్తే ఐదు రకాల కప్పులు బయటపడ్డాయి. పెళ్ళిలో వచ్చినవి, గృహప్రవేశాల్లో పంచినవి, డిటర్జెంట్ ప్యాకెట్‌తో ఫ్రీగా ఇచ్చినవి. అన్నిటికంటే చిన్నదాంట్లో అన్నం 110 గ్రాములు పట్టింది, పెద్దదాంట్లో 240. ఆమె చెప్పింది ఏ కప్పో?

నేను హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో 26 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ప్రాక్టికల్స్ రోజున పిల్లలకి ప్రతిదీ తూచి ఇవ్వడమే నా పని. ఇంట్లో మాత్రం నూనె ప్యాకెట్ మూకుడులోకి వంచుతుంటే, అది ఎంత పడిందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. అందుకని ఆన్‌లైన్‌లో 599 రూపాయలు పెట్టి ఒక డిజిటల్ కాంటా తెప్పించాను. ఐదు కిలోల దాకా తూస్తుంది, గ్రాము చొప్పున చూపిస్తుంది, రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. కంపెనీ పేరు రాయను. ఇదే డబ్బా నాలుగు పేర్లతో అమ్ముతున్నారు.

ముందు దాని నిజాయితీ పరీక్షించాను. ఇంట్లో తూకపు రాళ్ళు లేవు కాబట్టి పది రూపాయల బిళ్ళలు వాడాను. రెండు రంగుల బిళ్ళ ఒకటి 7.71 గ్రాములు ఉంటుంది. పది పెడితే 77 చూపింది. కిలో ఉప్పు ప్యాకెట్ కవరుతో కలిపి 1004 చూపింది. ఈ పనికి ఇది చాలు. చిటికెడు చిటికెడుగా ఆవాలు వేస్తూ పోతే మాత్రం అంకె కదలదు. నెమ్మదిగా పెరిగే బరువుని ఇది సున్నా కిందే సర్దేసుకుంటుంది. అంతా గిన్నెలో వేసి ఒకేసారి పెట్టాలి. పోపు గింజల కేలరీలు లెక్కలోకి వచ్చేంత ఉండవు కాబట్టి నేను దాన్ని తప్పు పట్టలేదు.

లెక్క చేసే పద్ధతి చెబుతాను. ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను. వండే ముందు ఒక్కొక్క వస్తువూ పచ్చిగా తూచి రాసుకోవాలి. ఖాళీ గిన్నె బరువు విడిగా తూచి పెట్టుకోవాలి. వంటయ్యాక గిన్నెతో సహా తూచి, అందులోంచి గిన్నె బరువు తీసేయాలి. మొత్తం కేలరీలని ఆ వండిన బరువుతో భాగిస్తే గ్రాముకి ఎంతో వస్తుంది. ఇక మీ కంచంలో పెట్టుకున్నది తూచుకుంటే చాలు. ఇంట్లో నలుగురం కదా అని నాలుగుతో భాగించకండి. మా అబ్బాయీ మా అమ్మా ఒకే అంత తింటారా?

మొన్నటి టమాటా పప్పు చూడండి. కందిపప్పు 150 గ్రాములు, అది 496 కేలరీలు. టమాటాలు 250 గ్రాములు, 50. ఉల్లిగడ్డ 80 గ్రాములు, 38. నూనె 18 గ్రాములు, 162. మొత్తం 746. మా ఆవిడ వండితే పప్పు గట్టిగా 1050 గ్రాములు తూగింది, అంటే 100 గ్రాములకి 71 కేలరీలు. అదే కొలతలతో అమ్మ వండితే పలచగా 1400 గ్రాములైంది, 100కి 53. గిన్నెలో కేలరీలు అవే, మారింది నీళ్ళే. ఫోన్ యాప్‌లో "పప్పు, ఒక కప్పు" అని వెతికితే ఒకచోట 80, ఇంకోచోట 250 ఎందుకు చూపిస్తుందో ఆ రోజు అర్థమైంది. ఎవరి గిన్నెలో నీళ్ళు ఎన్నో దానికి తెలియదు. రెండు వారాల తర్వాత యాప్ తీసేశాను.

అంకెలు ఎక్కడివంటే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల పట్టికలు వేసింది. 528 పదార్థాలు ఉన్నాయి అందులో. మన తోటకూర, మన కందిపప్పు, మన రాగులు అన్నీ దొరుకుతాయి. అయితే శక్తిని కేలరీల్లో ఇవ్వరు, కిలోజౌళ్ళలో ఇస్తారు. మొదటి రోజు 100 గ్రాముల బియ్యానికి 1491 అని చూసి, రోజంతటి తిండీ దీంట్లోనే అయిపోయిందే అని గుండె గుభేలుమంది. నేను సైన్సు ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణని మా ఆవిడ గుర్తుచేసింది. దాన్ని 4.184తో భాగించాలి, 356 వస్తుంది. కందిపప్పు 1384, భాగిస్తే 331. నూనెకి, నెయ్యికి పట్టిక కూడా అక్కర్లేదు, గ్రాముకి 9 వేసుకోవచ్చు.

అన్నం సంగతి. మా కుక్కర్‌లో 200 గ్రాముల బియ్యం 540 గ్రాముల అన్నం అవుతుంది. అంటే 100 గ్రాముల అన్నానికి 132. పాత బియ్యమైతే నీళ్ళు ఎక్కువ పీల్చుకుంటాయి, మీ ఇంట్లో ఈ అంకె వేరేగా రావచ్చు, ఒకసారి మీరే తూచుకోండి. అంతకుముందు నేను రాత్రిపూట పెట్టుకునే అన్నం ఎంతో చూద్దామని ఎప్పటిలాగే వడ్డించమన్నాను. 420 గ్రాములు! అన్నమే 550 దాటింది. ఇప్పుడు 250తో సరిపెడుతున్నాను. మొదటి వారం ఆకలి వేసిందని ఒప్పుకోవాలి.

కానీ ఈ కాంటా నాకు చూపించిన అసలు దొంగ అన్నం కాదు. ఆదివారం గుత్తి వంకాయ చేశాం. నూనె ప్యాకెట్‌ని వాడే ముందూ తర్వాతా తూస్తే ఎంత పడిందో తెలిసిపోతుంది, గరిటెలతో కొలవక్కర్లేదు. 110 గ్రాములు పడింది. అంటే 990 కేలరీలు. అరకిలో వంకాయలన్నీ కలిపి 125! పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ అన్నీ వేసుకున్నా కూర మొత్తం 1560 చిల్లర, అందులో మూడింట రెండొంతులకి దగ్గరగా నూనే. డాక్టరు కూరలు ఎక్కువ తినమన్నాడని నేను రెండుసార్లు వడ్డించుకునేవాణ్ణి.

అమ్మ పక్కనే కూర్చుని ఇదంతా చూస్తోంది. "గింత నూనెకు గంత లెక్కనా బిడ్డా? యాభై ఏండ్ల సంది వండుతున్న, ఎన్నడన్న కాంటా పెట్టిన్నా?" అంది. ఆమె మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ యాభై ఏళ్ళలో చాలా భాగం మా నాన్న పొలంలో నిలబడి పనిచేశాడు, నేను కుర్చీలో కూర్చున్నాను, అంతే తేడా.

తర్వాతి ఆదివారం అదే కూర 45 గ్రాముల నూనెతో చేశాం. మొత్తం 980 దగ్గర ఆగింది. రుచి గురించి అబద్ధం చెప్పను, పాతదే బాగుంటుంది. మసాలా పొడిపొడిగా అడుగంటింది. 60 దగ్గర రాజీకి వచ్చాం.

ఇంకో మాట. కిరాణా చీటీలు తిరగేస్తే నెలకి నాలుగు లీటర్ల ప్యాకెట్లు వాడుతున్నాం. లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని రాసి ఉంటుంది. నలుగురికి పంచితే మనిషికి రోజుకి 30 గ్రాములు, 270 కేలరీలు. ఈ లెక్కకి కాంటానే అక్కర్లేదు, చీటీ చాలు. 599 పెట్టి కొన్నాక తట్టింది నాకు.

సర్వపిండి లెక్క కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే మా వైపు దాన్ని టిఫిన్ కింద కూడా లెక్కెయ్యరు, "చాయ్‌లోకి" అంటారు. బియ్యప్పిండి 400 గ్రాములు, పల్లీలు 60, నువ్వులు 30, నానబెట్టిన శనగపప్పు (పొడిగా ఉన్నప్పుడు 40), నూనె 60, ఉల్లిగడ్డ, కరివేపాకు. మొత్తం 2590. ఆరు చేశాం, ఒక్కొక్కటి 430. సాయంత్రం చాయ్‌లోకి నేను రెండు తినేవాణ్ణి. 1500లో 860 అక్కడే పోయాయి.

ఇక మిషన్ లోపాలు. రెండు నిమిషాలు కదలిక లేకపోతే ఆరిపోతుంది, అప్పటిదాకా సున్నా చేసి పెట్టుకున్న బరువు మరిచిపోతుంది. ఉల్లిగడ్డ తరిగేలోపు రెండు నిమిషాలు ఎప్పుడో దాటుతాయి. దీనికి మందు ఏమిటంటే, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ ఒకసారి ఖాళీగా తూచి ఆ బరువులు ఫ్రిజ్ తలుపు మీద కాగితంపై అంటించాను. పప్పు గంజు 612, మూకుడు 1140. ఇక ఆరిపోయినా బాధ లేదు.

రెండోది, పెద్ద గిన్నె పెడితే అంకె కనపడే అద్దం దాని కిందికి పోతుంది. మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి చూసిన రోజులున్నాయి. మూడోది, ఐదు కిలోలంటే గిన్నె బరువుతో కలిపి ఐదు. చుట్టాలొచ్చిన రోజు ఐదు లీటర్ల కుక్కర్ నిండా బిర్యానీ పెడితే తూకం చూపకుండా ఎర్రర్ ఇచ్చి ఊరుకుంది. నాలుగోది, వేడి గిన్నె నేరుగా పెట్టకూడదు, కింద చెక్క పలక వేసి సున్నా చేసుకోవాలి. ఇది పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంది, నేను ముందే చదివాను, మా అబ్బాయి చదవలేదు. గాజు మీద చిన్న మరక మిగిలింది.

అన్నిటికంటే కోపం తెప్పించింది మిల్లీలీటర్ల బటన్. అది నీళ్ళకి మాత్రమే సరైనది. లీటరు నూనె కిలో బరువుండదు కదా, ఆ బటన్ నొక్కి నూనె కొలిస్తే పదోవంతు దాకా తప్పుతుంది. ఆ ముక్క పెట్టె మీద ఎక్కడా రాయలేదు. మా ల్యాబ్‌లో ఇంటర్ ఫస్టియర్ పిల్లాడు చేసినా ఊరుకోని తప్పు ఇది.

సంక్రాంతికి సకినాలు కూడా తూచాను. వేయించే వంటలకి ముందు నూనెనీ, చల్లారాక మిగిలిన నూనెనీ తూచాలి. 1820 పోస్తే 1210 మిగిలింది, అంటే 610 గ్రాములు తగ్గింది. కాగితాలకి అంటింది కొంత ఉంటుంది, దాన్ని పట్టించుకోలేదు. రెండు కిలోల పిండి, పావుకిలో నువ్వులు కలిపి మొత్తం 13,880. విరిగినవి జతచేసి లెక్కపెడితే 140 సకినాలు, ఒక్కొక్కటి సుమారు 100. పండగ మూడు రోజులు మాత్రం కాంటా అటకెక్కింది.

మామిడికాయ తొక్కు లెక్క వదిలేశాను. పైన తేలే నూనెలో నా కంచంలోకి ఎంత వచ్చిందో దేవుడికే ఎరుక.

ఈ మూడున్నర నెలల్లో 84 కిలోలనుంచి 80కి వచ్చాను, నూనె నెలకి రెండున్నర ప్యాకెట్లకి దిగింది. నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి ఘనత అంతా మిషన్‌కి ఇవ్వను. రోజూ తూచక్కర్లేదు కూడా. మీ ఇంట్లో పదిహేను వంటలు తిరుగుతుంటాయి, ఒక్కొక్కటి రెండుసార్లు తూచి నోట్‌బుక్‌లో రాసుకుంటే అంతే. పది, ఇరవై అటూ ఇటూ అయితే నేను పట్టించుకోను. తిండి దగ్గర టెన్షన్ పడే స్వభావం ఉన్నవాళ్ళు, అన్నం ముందు కూర్చుని అంకెలు చూసి తినడం మానేసేవాళ్ళు మాత్రం దీన్ని కొనొద్దు. మా ఆవిడ చెల్లెలు అడిగితే నేనే వద్దన్నాను.

స్టార్లు మూడు. నాలుగు ఇద్దామనుకున్నాను, కానీ రెండో నెలలోనే సెల్స్ మూత కొక్కెం విరిగింది. అమ్మినవాళ్ళకి రెండు మెయిల్స్ పెట్టాను, జవాబు లేదు. రబ్బరు బ్యాండు వేసి వాడుతున్నాను. కొనేవాళ్ళు వంద ఎక్కువైనా పది కిలోల రకం, అద్దం ముందుకి పొడుచుకొచ్చినట్టు ఉన్నది చూసుకోండి.